రాయంతా ముక్కలు చెయ్యనక్కర్లేదు

(బెంగళూరులో తెలుగు ఇంజనీర్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. చివర ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. సివిల్ వాళ్లు ఒకసారి చేతులెత్తండి. మెకానికల్? సరే, మిగిలినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ అన్నమాట. ఈ ఊళ్లో అంతకంటే ఏం ఆశిస్తాం! (నవ్వులు) ఎవరికీ బరువు కాకుండా చెప్పడానికి చూస్తాను. బోర్డు మీద సమీకరణాలు రాయను, నోటితోనే చెప్తాను. లెక్కలు మాత్రం కొన్ని తప్పవు.

ఇక్కణ్ణుంచి తూర్పుగా వంద కిలోమీటర్లు పోతే కోలార్ బంగారు గనులు. ముల్బాగల్, బంగారుపేట వైపు వాళ్లు ఇక్కడుంటే ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఈ మధ్యలో ఛాంపియన్ రీఫ్ గనిలో తవ్వకం మూడు కిలోమీటర్ల లోతు దాటిపోయింది. అంత లోతున నిలబడ్డవాడి నెత్తిమీద ఎంత బరువుంటుందో లెక్క వేద్దాం. అక్కడి రాయి ఘనపు మీటరుకి సుమారు 2900 కిలోలు అనుకోండి. దాన్ని 9.8తో, తర్వాత 3000 మీటర్లతో గుణించండి. 85 మెగాపాస్కల్ వస్తుంది. సివిల్ వాళ్లకి ఆ అంకె వింటేనే విషయం అర్థమవుతుంది. మన అపార్ట్‌మెంట్లకి పోసే ఎం25 కాంక్రీటు బలం 25. అంటే మూడు రెట్లు దాటి. పైగా ఇది రాయిని ఎవరూ ముట్టుకోకముందు ఉన్న ఒత్తిడి. అందులో గుండ్రటి సొరంగం తొలిచారనుకోండి. అన్ని వైపుల నుంచీ ఒత్తిడి సమానమనుకున్నా సొరంగం గోడ దగ్గర అది రెట్టింపవుతుంది. 170. కొన్నిచోట్ల రాయి తట్టుకుంటుంది. కొన్నిచోట్ల ఉన్నట్టుండి తుపాకి పేలినట్టు పేలుతుంది. దాన్నే రాక్‌బర్స్ట్ అంటారు. కోలార్ గని కార్మికుల ఇళ్లలో ఆ మాట తెలియనివాళ్లుండరు.

ఇప్పుడు మీ చేతికి ఆ సొరంగం ఇచ్చి, చుట్టూ స్ట్రెస్, అంటే రాయి లోపలి ఒత్తిడి, ఎలా ఉందో చెప్పమంటే ఏం చేస్తారు? నేటి ఆఫీసుల్లో జవాబు ఒకటే. ఫైనైట్ ఎలిమెంట్ ప్యాకేజీ, అంటే వస్తువునంతా చిన్న ముక్కలు చేసి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్, తెరుస్తారు. సొరంగం చుట్టూ పెద్ద దిమ్మ ఒకటి గీస్తారు. దాన్ని లక్ష ముక్కలు చేస్తారు. దిమ్మ ఎంత పెద్దది ఉండాలి? సొరంగం వ్యాసానికి ఐదు రెట్లా, పదా? ఆఫీసులో పాతవాళ్లు ఏది చెప్తే అది. ఆ దిమ్మ బయటి అంచుల దగ్గర ఏం పెడతారు? కదలకుండా బిగించేస్తారు. నేలలో అక్కడ గోడ ఏదీ లేదు. మన సౌకర్యం కోసం మనం కట్టిన గోడ అది. మనకి కావలసింది సొరంగం గోడ మీది నాలుగు అంకెలు. వాటికోసం ఎవరికీ అక్కర్లేని రాయిని లక్ష ముక్కలు చేస్తున్నాం.

ఇలా కాకుండా ఇంకో దారి ఉంది. సొరంగం గోడని మాత్రమే ముక్కలు చేసి, మిగతా రాయి జోలికి పోకుండా లెక్క తేల్చెయ్యొచ్చు. దాన్నే బౌండరీ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఇది మంత్రం కాదు, ఉచితంగా రాదు కూడా. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తేల్చేది ఒకే షరతు. ఒక్క బిందువు దగ్గర బలం వేస్తే ఆ పదార్థం ఎలా కదులుతుందో మనకి ముందే సూత్రంగా తెలిసి ఉండాలి. ఈ పద్ధతి గొప్పతనమూ, పరిమితీ రెండూ అందులోంచే వస్తాయి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ఆ సూత్రం 1848లోనే దొరికింది. విలియం థామ్సన్, తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయినాయన, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఎటు చూసినా అంతులేని స్థితిస్థాపక పదార్థంలో ఒక బిందువు దగ్గర బలం వేస్తే ప్రతి చోటా స్థానభ్రంశం, అంటే కదలిక, ఎంతో రాసిపెట్టాడు. దూరం పెరిగేకొద్దీ స్థానభ్రంశం దూరానికి విలోమంగా తగ్గుతుంది, స్ట్రెస్ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. సూత్రంలో పదార్థం తరఫున కనిపించేవి రెండే అంకెలు, షియర్ మాడ్యులస్ (పక్కకి ఒరగకుండా పదార్థం ఎంత గట్టిగా నిలుస్తుందో), పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో). అంతే.

ఒక బిందువు దగ్గర తెలిస్తే సరిపోతుందా? దానికి ఇంకో మెట్టు కావాలి. సివిల్ వాళ్లు రెండో సంవత్సరంలో మాక్స్‌వెల్ సిద్ధాంతం చదివి ఉంటారు. దూలం మీద 'ఏ' అనే చోట టన్ను పెడితే 'బీ' అనే చోట ఎంత వంగుతుందో, 'బీ' దగ్గర టన్ను పెడితే 'ఏ' దగ్గర అంతే వంగుతుంది. పరీక్షకి బట్టీపట్టి మర్చిపోయిన సిద్ధాంతం. (నవ్వులు) 1872లో ఇటలీలో బెట్టీ దాన్ని ఏ ఆకారానికైనా, ఏ బలాలకైనా వర్తించేలా చేశాడు. ఒకే వస్తువు మీద రెండు వేర్వేరు బలాల జట్లు వేశామనుకోండి. మొదటి జట్టు బలాలు రెండో జట్టు కదలికల మీద చేసే పనీ, రెండో జట్టు బలాలు మొదటి జట్టు కదలికల మీద చేసే పనీ సమానం.

అసలు తమాషా ఇక్కడే ఉంది, కొంచెం నెమ్మదిగా చెప్తాను. మొదటి జట్టు అంటే మన అసలు సమస్య, తెలియని సమస్య. రెండో జట్టుగా కెల్విన్ గారి బిందు బలాన్ని తీసుకుందాం. వస్తువు లోపల మనకి కావలసిన చోట, పీ అనే బిందువు దగ్గర, ఒక్క యూనిట్ బలం. బెట్టీ చెప్పినట్టు పని లెక్క వేద్దాం. ఆ యూనిట్ బలం మన అసలు సమస్యలోని కదలిక మీద చేసే పని ఎంత? ఒకటి ఇంటూ పీ దగ్గరి స్థానభ్రంశం. అంటే మనకి కావలసిన అంకె దానంతట అదే బయటికొచ్చేసింది. సమీకరణంలో మిగిలినవన్నీ అంచు మీదివే. అంచు మీది బలాన్ని కెల్విన్ కదలికతో గుణించి అంచు పొడుగునా కూడాలి. అంచు మీది కదలికని కెల్విన్ బలంతో గుణించి కూడి, అందులోంచి తీసెయ్యాలి. లోపల ఎక్కడా ఏ మొత్తమూ కట్టక్కర్లేదు. అంచు మీద కదలికా, బలమూ రెండూ తెలిస్తే లోపల ఏ బిందువు దగ్గరైనా అంతా తెలిసినట్టే. 1880ల్లో సోమిల్యానా అనే ఇటలీ ఆయన ఈ మాట రాశాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు.

అయితే అంచు మీద రెండూ తెలియవుగా! ఒకచోట బలం తెలుస్తుంది, కదలిక తెలియదు. తవ్వేసిన సొరంగం గోడ అలాంటిదే. ఇంకోచోట బిగించేశాం, కదలిక సున్నా అని తెలుసు, బలమెంతో తెలియదు. ప్రతి చోటా సగం తెలుసు, సగం తెలియదు. అందుకని పీని లోపల్నుంచి జరుపుకుంటూ తెచ్చి అంచు మీదే పెడతారు. అంచు నున్నగా ఉన్నచోట పీ చుట్టూ సగమే పదార్థం ఉంటుంది కాబట్టి ఎడమవైపు పూర్తి స్థానభ్రంశానికి బదులు అందులో సగం వస్తుంది. ఇక అంచుని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా తెలియని అంకె ఒకటో రెండో పెట్టుకుని, ప్రతి నోడ్ (ముక్క మీద లెక్కకి ఎంచుకున్న బిందువు) దగ్గరా ఈ సమీకరణం రాస్తే, ఎన్ని తెలియనివో అన్ని సమీకరణాలు. కంప్యూటరు సాధించి పెడుతుంది.

1880ల నాటి మాట అయినా ఇంజనీర్ల చేతికి రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. కారణం పెద్దదేం కాదు, చేత్తో సాధించలేరు. 1963లో జాస్వన్, సిమ్ ఇదే పని పొటెన్షియల్ సమస్యలకి (వేడి, విద్యుత్తు లాంటివాటికి) చేశారు. 1967లో రిజ్జో దాన్ని స్థితిస్థాపకతకి తెచ్చాడు. రెండేళ్లకి క్రూజ్ మూడు కొలతల్లో చేసి చూపించాడు. 1970ల చివర్లో సౌతాంప్టన్‌లో బ్రెబియా బృందం చేతుల్లో దానికి ఇప్పుడున్న పేరు స్థిరపడింది. ఆ తరంలో మన బెనర్జీ, ముఖర్జీల పేర్లు కూడా గట్టిగానే వినిపిస్తాయి. చరిత్ర ఇంతటితో చాలు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఈ పద్ధతి అమ్మేవాళ్లు మూడు కొలతల సమస్య రెండు కొలతలకి దిగిపోతుంది, లెక్క తేలికైపోతుంది అని చెప్తారు. సగం నిజం. ఒక ఘనం తీసుకోండి, ప్రతి అంచుకీ 20 ముక్కలు. ఫైనైట్ ఎలిమెంట్‌లో నోడ్లు 21 ఘనం, 9261. నోడ్‌కి మూడు కదలికలు, మొత్తం 27,783 తెలియనివి. బౌండరీ ఎలిమెంట్‌లో పైతొడుగు నోడ్లు మాత్రమే కావాలి. 9261లోంచి లోపలి 19 ఘనం, అంటే 6859 తీసేస్తే 2402. తెలియనివి 7206. నాలుగోవంతుకి పడిపోయింది, భలే అనుకుంటాం. ఆగండి. ఫైనైట్ ఎలిమెంట్ మాట్రిక్స్‌లో, అంటే సమీకరణాల అంకెల పట్టికలో, ఒక వరుసకి మహా అయితే 81 అంకెలు, మిగతావన్నీ సున్నాలు. మొత్తం 22 లక్షల చిల్లర. బౌండరీ ఎలిమెంట్‌లో సున్నాలుండవు. 7206 ఇంటూ 7206, ఐదు కోట్ల పైచిలుకు. మెమరీ 415 మెగాబైట్లు. తెలియనివి తగ్గాయి, మాట్రిక్స్ మాత్రం ఇరవై రెట్లు దాటి పెరిగింది!

ఎందుకలా? ఫైనైట్ ఎలిమెంట్‌లో ప్రతి నోడూ ఇరుగుపొరుగుతోనే మాట్లాడుతుంది. ఇక్కడ అలా కాదు. మన ఊళ్లో పెళ్లిలాంటిది ఇది. అందరూ అందరికీ ఏదో ఒక వరసే, ఎవర్నీ పలకరించకుండా వదలడానికి వీల్లేదు. ఈ మూల ముక్క మీద బలం వేస్తే ఆ మూల ముక్క కూడా ఎంతో కొంత కదులుతుంది. చాలా ఏళ్లు ఈ పద్ధతి పెద్ద సమస్యలకి ఎక్కకపోవడానికి కారణం ఇదే. 1987లో గ్రీన్‌గార్డ్, రోక్లిన్ దీనికో ఉపాయం కనిపెట్టారు. దూరపు బంధువుల్ని ఒక్కొక్కర్నీ కాకుండా, ఫలానా ఊరివాళ్లు అని గుంపుగా ఒకేసారి పలకరించడం. ఫాస్ట్ మల్టీపోల్ అంటారు. వాళ్లు చేసింది గురుత్వం, విద్యుదావేశాల లెక్కకి. తర్వాత స్థితిస్థాపకతకీ వచ్చింది. 1999లో హాక్‌బుష్ అదే పనిని నేరుగా మాట్రిక్స్ మీదే చేసే దారి చూపించాడు. వీటితో ఖర్చు ముక్కల సంఖ్య వర్గంతో కాకుండా దాదాపు ముక్కల సంఖ్యతోనే పెరుగుతుంది. నేను చెప్పిన 7206 లెక్కకైతే ఇవేవీ అక్కర్లేదు. ఇవాళ్టి మామూలు లాప్‌టాప్ సెకన్లలో ముగించేస్తుంది.

మరి లాభం ఎక్కడ? వస్తువు లావుగా, అంచు తక్కువగా ఉన్నచోట. ఘనం మధ్యస్థమైన ఉదాహరణ. పలచటి రేకుకి ఈ పద్ధతి వాడితే వస్తువంతా అంచే, లాభం లేదు. పైగా రెండు అంచులూ ఒకదానికొకటి మరీ దగ్గరై ఇంటిగ్రల్స్ ఇబ్బంది పెడతాయి. అదే అంతులేని రాతిలో సొరంగమనుకోండి, లోపలి పదార్థం అనంతం, అంచు మాత్రం ఓ గొట్టం. దూరాన ఏమవుతుందో కెల్విన్ సూత్రానికి ముందే తెలుసు కాబట్టి దొంగ గోడలు కట్టే పని లేదు.

చెయ్యి పెట్టి రాసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. పీ ఉన్న ముక్క మీదే ఇంటిగ్రల్ కట్టేటప్పుడు దూరం సున్నా అవుతుంది, విలువ అనంతానికి పోతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. కదలిక సూత్రం వన్ బై ఆర్ (ఆర్ అంటే పీ నుంచి దూరం), ఉపరితలం మీద కూడితే పరిమితమైన అంకే వస్తుంది. బలం సూత్రం వన్ బై ఆర్ స్క్వేర్, మామూలుగా కూడితే తేలదు. పీకి అటూ ఇటూ విలువలకి గుర్తులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఓ చిన్న వృత్తం వదిలి కూడి, ఆ వృత్తాన్ని కుదించుకుంటూ పోతే అవి రద్దయి ఒక అంకె మిగులుతుంది. కోషీ ప్రిన్సిపల్ వాల్యూ అనేది అదే. నేను చూసిన కుర్రాళ్లు చాలామంది ఇక్కడే బెదిరిపోయి పుస్తకం మూసేస్తారు.

బెదరక్కర్లేదు, ఎందుకంటే ఆ అంకెని లెక్కకట్టకుండానే తెప్పించే దారి ఉంది. వస్తువునంతటినీ ఒక మిల్లీమీటరు కుడికి జరిపామనుకోండి. వంగదు, సాగదు. స్ట్రెస్ సున్నా, అంచు మీద బలాలు సున్నా. కాబట్టి సమీకరణంలో కదలిక వైపు అంకెలన్నీ, ఆ సగంతో సహా, వరుసలో కూడితే సున్నా రావాలి. మిగతా ముక్కల అంకెలు మామూలు గాస్ పాయింట్లతో, అంటే ముక్క మీద ఎంచిన కొన్ని చోట్ల విలువలు తీసి కూడి, కట్టేశాం. తెలియనిది మాట్రిక్స్ కర్ణం మీదిదొక్కటే, అంటే పీ ఉన్న ముక్కది. మిగతావాటిని కూడి మైనస్ గుర్తు పెడితే అదే ఆ అంకె! మూలల దగ్గర ఆ సగం కాస్తా కోణాన్నీ పాయిజాన్ నిష్పత్తినీ బట్టి మారే గజిబిజి సంఖ్య అవుతుంది. ఈ దారిలో పోతే అదీ అందులోనే కలిసి వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. అంతులేని రాతిలో రంధ్రమైతే మొత్తం సున్నా రాకూడదు, ఒకటి రావాలి. అనంత దూరాన ఉన్న అంచు కూడా తన వాటా ఇస్తుంది, అందుకు. సొరంగం లెక్కలో అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపించి జవాబు అడ్డంగా వస్తే మొదట చూడవలసింది ఇదే.

సరే, మళ్లీ నేల కిందికి వెళదాం. బంగారం ఉన్న పొర పలచగా ఉంటుంది, పొడవూ లోతూ మాత్రం కిలోమీటర్ల లెక్క. అది తవ్వి తీసేస్తే మిగిలేది రాతిలో ఓ సన్నటి చీలిక. దక్షిణాఫ్రికా బంగారు గనులదీ ఇదే ఆకారం. 1960ల్లో సాలమన్ అనే ఆయన అక్కడో మాట అన్నాడు. ఈ చీలిక మందాన్ని లెక్కలోకే తీసుకోవద్దు, పై రాయి, కింది రాయి ఒకదానివైపు ఒకటి ఎంత ముందుకొచ్చాయన్నది ఒక్కటే తెలియని అంకెగా పెట్టుకుందాం అని. అప్పటి కంప్యూటర్లు చాలక, విద్యుత్తుకీ అవే సమీకరణాలు కాబట్టి విద్యుత్ అనలాగ్ నమూనాల మీద కొలిచి జవాబులు తీశారు. 1976లో క్రౌచ్ ఆ ఆలోచనని సాధారణ రూపంలో రాశాడు. డిస్‌ప్లేస్‌మెంట్ డిస్‌కంటిన్యుటీ పద్ధతి అంటారు. గని ప్లాన్ మీద గళ్లు గీసి, తవ్వింది ఇది, తవ్వనిది ఇది అని గుర్తు పెడితే, తెలియనివి ఆ గళ్లలోనే. చుట్టూ ఉన్న కొండంత రాయికి ఒక్క ఎలిమెంటు లేదు. ఇంకో నాలుగు మీటర్లు తవ్వితే ఎంత శక్తి విడుదలవుతుందో కూడా దాన్నుంచే కడతారు. రాక్‌బర్స్ట్ ముప్పుని తూచడానికి అక్కడ వాడుకలోకొచ్చిన కొలమానం అదే, ఎనర్జీ రిలీజ్ రేట్. ఈ పద్ధతికి ఇంతకంటే ఒదిగే సమస్య నాకు ఇంకోటి కనిపించలేదు. లోతైన చోటు, గట్టి రాయి, పలచటి చీలిక.

ఇదే ఉత్సాహంతో మన మెట్రో సొరంగం మీద పడితే? డైరీ సర్కిల్ నుంచి నాగవార దాకా భూగర్భ మార్గం తవ్వారు కదా. ఈ ఊరి కింద నేల ఎలాంటిదో బోరు వేయించుకున్నవాళ్లందరికీ తెలుసు. ఒకచోట చెక్కుచెదరని గ్రానైట్, పది అడుగులు పక్కకి పోతే పిండి అయిపోయిన మట్టి, మధ్యలో గుండ్లు. సొరంగం తొలిచే ఒకే మెషిన్ ముఖం మీద పైన మట్టి, కింద రాయి. ఇక్కడ మన షరతు గుర్తు తెచ్చుకోండి, బిందు బలానికి సూత్రం ముందే తెలిసి ఉండాలి. నేల ఉపరితలం దగ్గరలో ఉండటం వరకూ పెద్ద చిక్కు కాదు. సమతలమైన నేల కింద బిందు బలానికి 1936లోనే మిండ్లిన్ సూత్రం ఇచ్చాడు. అది వాడితే నేల మీద ఒక్క ముక్కా పెట్టక్కర్లేదు. రెండు మూడు పొరలుంటే ఒక్కోదాన్నీ విడిగా తీసుకుని హద్దుల దగ్గర అతకొచ్చు. ప్రతి అడుగుకీ గుణం మారే నేలకీ, లొంగిపోయి తిరిగి రాని మట్టికీ అలాంటి సూత్రం లేదు. లీనియర్, అంటే బలం రెట్టింపైతే కదలికా రెట్టింపు, అన్న మాటే పోయింది. సాగదీసి వాడొచ్చు, లోపల కూడా గళ్లు గీయాలి. అప్పుడు అంచు మాత్రమే అన్న సుఖం ఎక్కడ మిగిలింది? నన్నడిగితే అక్కడ ఫైనైట్ ఎలిమెంటే వాడతాను. లేదా రెండూ కలిపి. సొరంగం చుట్టూ మట్టికి ఫైనైట్ ఎలిమెంట్, దాని అవతలి అనంతానికి దొంగ గోడకి బదులు బౌండరీ ఎలిమెంట్. 1977లోనే జియెన్‌కీవిచ్ వాళ్లు ఈ కలపడం ఎలాగో రాసిపెట్టారు. మన ఆఫీసుల్లో ఎందుకు కనపడదంటే, కొన్న ప్యాకేజీలో ఆ బటన్ లేదు కాబట్టి. అంతకంటే లోతైన కారణం నాకు కనిపించలేదు.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను. పగుళ్లు. విమానాల పని చేసేవాళ్లు ఈ ఊళ్లో బోలెడంతమంది. రివెట్ రంధ్రం పక్కన సన్నటి పగులు పుట్టి రోజూ కొంచెం కొంచెం పెరగడం వాళ్లకి నిత్యం ఉన్న టెన్షనే. పగులు మొనకి దగ్గరయ్యేకొద్దీ స్ట్రెస్ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. ఫైనైట్ ఎలిమెంట్‌లో సాధారణంగా పగులు జరిగినప్పుడల్లా చుట్టూ మెష్ (ముక్కల అల్లిక) మార్చాలి. బౌండరీ ఎలిమెంట్‌లో మొన దగ్గర ఇంకో రెండు ముక్కలు అతికిస్తే అయిపోతుంది. మాట్రిక్స్‌కి నాలుగు వరుసలు, నాలుగు నిలువులు కలిస్తే చాలు, పాతవి అలాగే ఉంటాయి. చిక్కల్లా పగులు రెండు ముఖాలూ ఒకే చోట ఉండటం. రెండింటి మీదా ఒకే సమీకరణం రాస్తే ఒకే వరుస రెండుసార్లు వచ్చి మాట్రిక్స్ చచ్చిపోతుంది. ఒక ముఖం మీద కదలిక సమీకరణం, రెండో ముఖం మీద దాన్ని అవకలనం చేసి తెచ్చిన బలం సమీకరణం రాయాలి. డ్యూయల్ పద్ధతి ఇది. 1992లో పోర్టెలా, అలియాబాదీ, రూక్ దీన్ని పద్ధతిగా నిలబెట్టారు. రెండో సమీకరణంలో ఇంటిగ్రల్స్ ఇంకా మొండివి, వన్ బై ఆర్ స్క్వేర్ కాస్తా క్యూబ్ అవుతుంది. దానికీ మార్గాలున్నాయి కానీ ఆదివారం పూట వద్దు. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మాది సాఫ్ట్‌వేరే. మాట్రిక్స్‌లో సున్నాలు లేవన్నారు. జీపీయూకి అది మంచిదే కదా?

మంచిదేనమ్మా, బాగా అడిగారు. ప్రతి అంకెనీ మిగతావాటితో సంబంధం లేకుండా విడిగా కట్టొచ్చు కాబట్టి వేల కోర్లకి పంచెయ్యొచ్చు. నిండు మాట్రిక్స్‌తో గుణకారాలు జీపీయూకి ఇష్టమైన పని. పీ ఉన్న ముక్క, దాని పక్క ముక్కలు మాత్రం వేరే దారిలో కట్టాలి. వాటిని విడిగా తీసిపెట్టుకోండి. లేకపోతే కోర్లన్నీ వాటికోసం కాచుక్కూర్చుంటాయి.

ప్రశ్న: మేం రబ్బరు మౌంట్లు చేస్తామండి. పాయిజాన్ నిష్పత్తి 0.5కి దగ్గరగా ఉంటే ఫైనైట్ ఎలిమెంట్ బిగుసుకుపోతుంది. ఇందులో?

ఇందులో ఆ బాధ లేదు. కెల్విన్ కదలిక సూత్రంలో హారంలో ఒకటి మైనస్ నిష్పత్తి ఉంటుంది. 0.5 పెడితే 0.5 వస్తుంది, సున్నా కాదు. ఏదీ పేలదు. ఇంకో విశేషం, 0.5 పెట్టగానే ఆ సూత్రం జిగట ద్రవంలో బిందు బలానికి వచ్చే సూత్రంగా మారిపోతుంది, షియర్ మాడ్యులస్ ఉన్నచోట స్నిగ్ధత, కదలిక ఉన్నచోట వేగం. అయితే మీ మౌంట్ ఎంత సాగుతుంది? ఇరవై ముప్ఫై శాతం అంటే చిన్న వికృతి అన్న ఊహే చెల్లదు. ఒకటి రెండు శాతమైతే నిస్సంకోచంగా వాడండి.

ప్రశ్న: లోపలి బిందువుల దగ్గర స్ట్రెస్ ఎంత నమ్మొచ్చండీ?

అంచుకి దూరంగా ఉంటే చాలా నమ్మొచ్చు. ఫైనైట్ ఎలిమెంట్‌లోలా కదలికల్ని ముక్కలవారీగా అవకలనం చేసి తియ్యం, సూత్రాన్నే ముందుగా అవకలనం చేసి వాడతాం. అందుకే నున్నగా వస్తుంది. అంచుకి ఒక ముక్క పొడుగుకంటే దగ్గరికి పోతే మాత్రం మామూలు గాస్ పాయింట్లు చాలవు, పిచ్చి అంకెలొస్తాయి. అంచు మీదే స్ట్రెస్ కావాలంటే, అంచు మీది బలాలూ కదలికలూ మీ దగ్గర ఉన్నాయి కదా, వాటినుంచి నేరుగా తియ్యండి.

ప్రశ్న: మొదటిసారి రాసి చూసుకోవాలంటే ఏ సమస్య తీసుకోమంటారు?

పెద్ద పలకలో గుండ్రటి రంధ్రం, దూరాన ఒక దిశలో లాగుడు. 1898లో కిర్ష్ దీనికి పూర్తి జవాబు ఇచ్చాడు కాబట్టి సరిచూసుకోవడం సులువు. రెండు కొలతల్లో, ముక్కకి ఒకే అంకె చొప్పున, పైథాన్‌లో నాలుగైదు వందల లైన్లు దాటదు. మొదట స్ట్రెస్ కట్టకండి. నేను చెప్పిన కుడికి జరిపే పరీక్ష చెయ్యండి, వరుసలు ఒకటికి తేలాయో లేదో చూడండి. తర్వాత లాగే దిశకి అడ్డంగా రంధ్రం అంచు దగ్గర స్ట్రెస్ దూరాన ఉన్నదానికి మూడు రెట్లు రావాలి. వ్యాసార్ధానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, కేంద్రం నుంచి కొలిచి, 1.52. రెండు రెట్ల దూరంలో 1.22. నాలుగు రెట్ల దగ్గర 1.04, అంటే రంధ్రం ఉన్న సంగతే పలక మర్చిపోయినట్టు. లాగే దిశలో రంధ్రం అంచు దగ్గర మైనస్ ఒకటి, అక్కడ నొక్కుడు. ముక్కలు రెట్టింపు చేసుకుంటూ పోతే ఈ అంకెలకి దగ్గరవుతూ రావాలి. రాకపోతే ఇంటిగ్రల్స్ తిరగరాయడానికి కూర్చోకండి. ముందు నోడ్లు ఏ వరసలో ఇచ్చారో చూడండి. బయటి అంచుకి గడియారానికి ఎదురుగా ఇస్తే, రంధ్రానికి గడియారం తిరిగే వైపు ఇవ్వాలి. నార్మల్, అంటే అంచుకి లంబంగా ఉండే దిశ, ఎప్పుడూ పదార్థంలోంచి బయటికి చూడాలి, రంధ్రం విషయంలో బయటికి అంటే రంధ్రం లోపలికి. చాలామందికి తప్పు అక్కడే దొరుకుతుంది.